చెడు కబురుకు దారేది?

బెంగళూరు–హైదరాబాద్ హైవే మీద పెనుకొండ దగ్గరపడుతుంటే బోర్డుల మీద మూడో లిపి కనిపిస్తుంది. తెలుగు, ఇంగ్లిష్, వాటి పక్కన చిన్న చిన్న సున్నాలు, అడ్డగీతలు, నిలువుగీతలతో కొరియన్. వాన పడితే వేరుశనగ, పడకపోతే బెంగళూరు బస్సు అన్నట్టు బతికిన ప్రాంతం ఇది. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజులు రాజధానిని తరలించుకొచ్చింది ఈ కొండకే. దాని దాపున ఎర్రమంచిలో ఇప్పుడు ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల కియా ఫ్యాక్టరీ ఉంది. 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. రెండేళ్లు తిరక్కుండా, 2019 జనవరిలో ట్రయల్ ప్రొడక్షన్ మొదలైంది. ఆ ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చేసింది. వెనకే విడిభాగాల కంపెనీలూ దిగాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన పిల్లలు కొరియా ఇంజినీర్ల పక్కన నిలబడి పనిచేస్తున్నారు.

ఇలా దేశం కాని దేశంవాళ్లతో కలిసి పనిచేయబోయేవారి కోసం పుస్తకాలు బోలెడున్నాయి. శిక్షణ తరగతులూ ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మర్యాదలే. విజిటింగ్ కార్డు రెండు చేతులతో అందించు, జపాన్ పెద్దాయన ఎదుట నడుము వంచు, జర్మన్ మీటింగుకు ఐదు నిమిషాలు ముందే చేరుకో, గల్ఫ్‌లో ఎదుటివాడికి అరికాలు కనిపించేలా కూర్చోకు. తెలుసుకోవలసినవే. కానీ కార్డు ఒంటిచేత్తో ఇచ్చినందుకు కూలిపోయిన వ్యాపారం నాకు తెలిసి ఒక్కటీ లేదు. అలాంటి తప్పును ఎదుటివాళ్లు ఇట్టే క్షమించేస్తారు, కొత్తవాడు కదా అనుకుంటారు. నిజంగా ముంచేది చెడు కబురు. పని అనుకున్న రోజుకు కాదు, ఈ భాగం సరిగ్గా కూర్చోవడం లేదు, మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు. ఈ మాటలు ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంత గట్టిగా చెప్పాలో ప్రతి సమాజానికీ ఒక దారి ఉంది. రెండు సమాజాలు ఒకే కప్పు కింద పనిచేసేటప్పుడు కబురు ఒక దారిలో బయల్దేరుతుంది, వినాల్సినవాడు ఇంకో దారిలో ఎదురుచూస్తుంటాడు.

మన దారి ఎలాంటిదో తెలియాలంటే టెలిగ్రాముల కాలం గుర్తుచేసుకోవాలి. 'ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అని తంతి వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ విషయం తెలిసిపోయేది. రాసినవాడికి తెలుసు, తెచ్చి ఇచ్చినవాడికీ తెలుసు. అయినా తండ్రి పోయాడన్న మాట ఆ కాగితం మీద ఉండదు. రాత్రంతా రైల్లో ఒంటరిగా రావలసిన కొడుకు గుండె దారిలో ఆగిపోకూడదని అలా రాసేవారు. ఆ రాతలో ఉన్నది దయ. 2013 జూలైలో టెలిగ్రాములు ఆగిపోయాయి గానీ ఈ పద్ధతి పోలేదు. సంబంధం నచ్చకపోతే జాతకాలు కలవలేదంటాం. డబ్బు సర్దలేనివాడు ఒకటో తారీకు కానివ్వండి అంటాడు. అడిగినవాడు అర్థం చేసుకుని మళ్లీ ఆ ఊసెత్తడు. ఇద్దరి పరువూ నిలుస్తుంది.

అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ జీవితమంతా ఈ సంగతే పట్టుకుని పనిచేశాడు. 1930లలో నవాహో, హోపీ తెగల మధ్య ఉద్యోగం చేసి, తర్వాత అమెరికా విదేశాంగశాఖలో పరాయి దేశాలకు వెళ్లే అధికారులకు శిక్షణ ఇచ్చాడు. 1959లో 'ది సైలెంట్ లాంగ్వేజ్', 1976లో 'బియాండ్ కల్చర్' రాశాడు. ఆయన తేల్చింది ఇది: కొన్ని సమాజాల్లో చెప్పదలచుకున్నదంతా మాటల్లోనే ఉండాలి. మరికొన్ని సమాజాల్లో సగానికి పైగా సందర్భంలో, చుట్టరికంలో, మౌనంలో ఉంటుంది. మొదటి తరహావాళ్లకు రెండోవాళ్లు దాస్తున్నట్టు అనిపిస్తారు. రెండో తరహావాళ్లకు మొదటివాళ్లు మొరటుగా కనిపిస్తారు. మన తంతిని న్యూయార్క్‌లో ఒకాయన చేతికిస్తే, నాన్నకు జబ్బు చేసిందట, వారాంతంలో బయల్దేరతాను అనుకుంటాడు. తప్పు ఆయనది కాదు.

మా మేనల్లుడు గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. క్లయింటు న్యూయార్క్‌లో ఉంటాడు. చలికాలంలో మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ పొద్దున పదకొండు. ఒకరోజు వాళ్లింట్లో భోజనానికి కూర్చున్న వేళకు పక్క గదిలో కాల్ నడుస్తోంది. అమెరికన్ మేనేజరు, గొంతును బట్టి చూస్తే మంచివాడే, ఎవరికైనా ఏమైనా ఇబ్బందులున్నాయా, చెప్పండి అని అడిగాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 'నో, వియార్ గుడ్' అన్నాడు మావాడు. కాల్ ముగించి వచ్చి కంచం ముందు కూర్చుంటూ, శుక్రవారానికి అది తెమిలే పని కాదన్నాడు.

"అడిగాడు కదరా, చెప్పొచ్చుగా?" అన్నాను.

"పదిమంది లైన్లో ఉండగా ఎలా చెప్తాను మామయ్యా? మాకు చేతకాదని ఒప్పుకున్నట్టుంటుంది. తర్వాత విడిగా ఫోన్ చేసి అడిగితే చెప్పేవాణ్ణి."

"ఏం లేదన్నాక ఆయన మళ్లీ ఎందుకు చేస్తాడు?"

వాడు జవాబివ్వలేదు. మా చెల్లెలు పప్పు గిన్నెతో వచ్చింది. వాడు చాలమ్మా అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు, ఆ చేతి పక్కనుంచే ఇంకో గరిటె వేసేసి వెళ్లిపోయింది. వాడు తిన్నాడు. ఆకలిగానే ఉన్నాడు. మొదటిసారి అడిగినప్పుడు 'చాలు' అనడం మర్యాద, రెండోసారి అడగడం అవతలివారి బాధ్యత. మా ఇంట్లో అందరికీ ఇది ఊపిరి పీల్చినంత సహజం. న్యూయార్క్ మేనేజరుకు ఇలా రెండోసారి అడిగే ఇంట్లో పుట్టే అవకాశం లేకపోయింది. అతను అడగవలసింది అడిగాడు, సూటిగా జవాబు వచ్చింది, పనులన్నీ సవ్యంగా ఉన్నాయని తన పైవాళ్లకు రాసుకున్నాడు. శుక్రవారం నాడు ముందే ఎందుకు చెప్పలేదని అతనికి కోపం. మా కష్టం ఈయనకు పట్టదని వీళ్లకు కష్టం. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అప్పటి నుంచి ఎన్ని వేల కాల్స్ ఇలాగే ముగిసి ఉంటాయో.

ఇది గడువు తప్పడం దగ్గరే ఆగితే నష్టం డబ్బే. 1990 జనవరి 25 రాత్రి అలా ఆగలేదు. కొలంబియాలోని బొగొటా నుంచి మెడెల్లిన్ మీదుగా న్యూయార్క్ వెళుతోంది ఏవియాంకా 52 విమానం. వాతావరణం బాగాలేక దాన్ని మూడుచోట్ల గాల్లోనే తిప్పించారు, అంతా కలిపి గంటంపావుకు పైగా. ఇంధనం అడుగంటుతోంది. తమకు ప్రాధాన్యం ఇవ్వమని సహపైలట్ అడిగాడు. దిగబోతే మొదటి ప్రయత్నం విఫలమైంది. ఎమర్జెన్సీ అని చెప్పు అని కెప్టెన్ స్పానిష్‌లో అన్నాడు. సహపైలట్ కంట్రోలర్‌తో ఇంగ్లిష్‌లో, మళ్లీ ప్రయత్నిస్తాం అని చెబుతూ, ఇంధనం అయిపోతోంది అన్న ముక్కను చివర్లో తగిలించాడు. ఎమర్జెన్సీ అనలేదు. దిగడానికి మళ్లీ చుట్టు తిరిగి రమ్మంటూ, మీ ఇంధనానికి ఇది ఫరవాలేదా అని కంట్రోలర్ అడిగితే, ఫరవాలేదనుకుంటాను, థాంక్యూ అన్నాడు. కొన్ని నిమిషాలకు ఇంజిన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. విమానం లాంగ్ ఐలండ్‌లోని కోవ్ నెక్ దగ్గర కొండవాలు మీద పడింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. మంటలు లేవలేదు, మండడానికి ట్యాంకుల్లో ఏమీ మిగల్లేదు.

నాకు ఆ 'థాంక్యూ' దగ్గరే గొంతు పట్టేస్తుంది. పరాయి భాషలో, పరాయి ఊళ్లో, గొంతులో విసుగు ధ్వనించే పెద్ద విమానాశ్రయంతో మాట్లాడుతున్న చిన్నవాడు అన్న మాట అది. మన పిల్లలు రోజూ అనే మాటే. ఆ రాత్రి కంట్రోలర్లు ఇంధనం తక్కువుందని చెప్పే విమానాలను చాలానే విని ఉంటారు. కొలంబియన్ సహపైలట్ దృష్టిలో తాను చెప్పాల్సింది చెప్పేశాడు. న్యూయార్క్ దృష్టిలో ఆ ఒక్క మాట పడితే తప్ప ఏమీ చెప్పనట్టే. పైలట్లు ఎమర్జెన్సీ అని ప్రకటించకపోవడాన్ని దర్యాప్తు సంస్థ తప్పుపట్టింది. ఇంధనం విషయంలో పైలట్లకూ కంట్రోలర్లకూ ఉమ్మడిగా, స్పష్టంగా అర్థమయ్యే ప్రామాణిక పదాలు లేకపోవడాన్నీ ఎత్తిచూపింది.

అంకెల్లో ఇమడని మనిషి

ఈ తేడాలను కొలవాలని చూసినవాళ్లూ ఉన్నారు. డచ్ పరిశోధకుడు హీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967 నుంచి 1973 దాకా ఐబీఎం ఉద్యోగుల దగ్గర సేకరించిన లక్షకు పైగా ప్రశ్నావళుల ఆధారంగా 1980లో పెద్ద పుస్తకం వేశాడు. పైవాడికీ కిందివాడికీ మధ్య దూరాన్ని జనం ఎంత సహజంగా తీసుకుంటారో దేశాలవారీగా మార్కులు వేశాడు. ఆస్ట్రియాకు 11, జర్మనీకి 35, అమెరికాకు 40, జపాన్‌కు 54, దక్షిణ కొరియాకు 60, మనకు 77. శిక్షణ తరగతుల్లో ఈ పట్టికను ఇప్పటికీ జాతకచక్రంలా చూపిస్తుంటారు. ఒకే కంపెనీలో, అర్ధశతాబ్దం కిందట తీసిన సగటు అది. ఇచ్ఛాపురంలో పుట్టి విశాఖ స్టీల్ ప్లాంటులో యూనియన్ నడిపిన మనిషికీ, కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో నోరెత్తకుండా ఇంటర్ పూర్తిచేసిన కుర్రాడికీ కలిపి 77 అంటే అందులో ఎవరి ముఖం కనిపిస్తుంది?

అయినా ఆ పట్టికలో ఒక సంగతి ఆలోచించదగ్గది. కొరియా, మనం పక్కపక్కనే కాకపోయినా ఒకే వైపున ఉన్నాం. కొరియాలో ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే ఎవరు పెద్దో ముందు తేలాలి, దాన్ని బట్టే మాట తీరు మారుతుంది. మనకూ అంతే. అందుకే పెనుకొండలాంటి చోట మొదట్లో అందరికీ అనిపిస్తుంది, వీళ్లూ మనలాగే పెద్దల్ని గౌరవించేవాళ్లు, ఇబ్బంది ఉండదని. చిక్కు అక్కడే మొదలవుతుంది. కొరియా సీనియర్ తాను నోరు విప్పకముందే తన వాలకం చూసి కిందివాడు గ్రహించాలనుకుంటాడు. మన కుర్రాడు తరచూ పైవాడు చెప్పేదాకా ఆగడమే వినయం అనుకుంటాడు. ఆయన మౌనాన్ని ఇతను అంగీకారంగా తీసుకుంటాడు, ఇతని మౌనాన్ని ఆయన అర్థమైందన్నట్టు తీసుకుంటాడు. ఒకే పోలికలున్న ఇద్దరు మనుషులు ఒకరి విషయంలో ఒకరు పొరబడినంతగా పూర్తిగా వేరైనవాళ్లు పొరబడరు.

తాడు లాగిన చేయి

కల్చర్ అంటే రక్తంలో ఉండేది, మార్చలేం అని చాలామంది నమ్మకం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ఫ్యాక్టరీ కథ తెలిస్తే ఆ నమ్మకం నిలవదు. అది జనరల్ మోటార్స్ వాళ్ల కార్ల ఫ్యాక్టరీ. ఆ కంపెనీలోనే అధ్వాన్నమైన కార్మికులున్న చోటని పేరు. డ్యూటీకి రానివాళ్లు రోజూ ఎక్కువే, షిఫ్టులో తాగుడు, యాజమాన్యంతో నిత్యం తగువు. అక్కడ ఒకే ఒక కట్టుబాటు: లైను ఆగకూడదు. బోల్టు తప్పుగా బిగించినా, పార్టు తిరగబడినా బండి ముందుకే పోవాలి. చివర్లో బయట యార్డులో చూసుకుందాం అనేవారు. లైను ఆపినవాడి ఉద్యోగానికి భరోసా లేదు. 1982లో ఫ్యాక్టరీని మూసేశారు.

రెండేళ్లకు అదే ఫ్యాక్టరీని జనరల్ మోటార్స్, టయోటా కలిసి న్యూమీ అనే పేరుతో తెరిచాయి. పాత కార్మికుల్లోంచే ఎక్కువమందిని, అదే యూనియన్‌తో సహా, తిరిగి తీసుకున్నారు. వాళ్లను విడతలవారీగా జపాన్‌లోని టయోటా సిటీకి పంపి అక్కడి లైను మీద నిలబెట్టారు. ఆ లైను పొడవునా తల పైన ఒక తాడు ఉంటుంది. ఎవరికి ఏ తేడా కనిపించినా లాగొచ్చు. లాగగానే ఒక చిన్న పాట మోగుతుంది, పైన పసుపు దీపం వెలుగుతుంది. టీమ్ లీడర్ పరుగున వస్తాడు. బండి ఆ స్టేషన్ దాటేలోపు సరైతే సరే, లేకపోతే లైను ఆగుతుంది. వచ్చిన లీడర్ లాగినవాణ్ణి తిట్టడు, ఏమైందని అడుగుతాడు, తానూ చేయి వేస్తాడు. ఏళ్ల తరబడి తప్పుల్ని కళ్లారా చూస్తూ వదిలేయాల్సి వచ్చిన అమెరికన్ కార్మికులకు ఇది ఎంత వింతగా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఫ్రీమాంట్‌లో ఆ తాడు కట్టారు. కొద్దికాలానికే ఆ ఫ్యాక్టరీ కార్లు జపాన్‌లో తయారైనవాటికి దీటుగా వచ్చాయి. డ్యూటీకి రానివాళ్ల సంఖ్య పడిపోయింది. మనుషులు వాళ్లే, యూనియన్ అదే, దేశం అదే. ఆ మార్పును దగ్గరుండి చూసిన జాన్ షుక్ తర్వాత రాసిన సారాంశం కూడా ఇదే: మనుషుల ఆలోచనను మార్చి పనితీరు మార్చాలని చూడకండి, ముందు పనిచేసే పద్ధతి మార్చండి, ఆలోచన దాని వెంట వస్తుంది.

తాడు కట్టడం తేలికే. లాగినవాడికి ఏమవుతుందన్నదే ప్రశ్న. జనరల్ మోటార్స్ ఇదే పద్ధతిని తన మిగతా ఫ్యాక్టరీలకు తీసుకెళ్లబోయి చాలాకాలం తడబడింది. తాడు వచ్చింది, లాగితే పరుగెత్తుకొచ్చి సాయం చేసే లీడర్ రాలేదు.

పైస్థాయిలోనూ ఇంతే. కెంటకీలోని జార్జిటౌన్‌లో టయోటా ఫ్యాక్టరీకి పెద్దగా ఫుజియో చో ఉండేవాడు, తర్వాత ఆయనే టయోటా అధ్యక్షుడయ్యాడు. అక్కడ కొత్తగా చేరిన జేమ్స్ వైజ్‌మన్ అనే అమెరికన్ మేనేజరు ఒక శుక్రవారం సమావేశంలో తన విభాగం సాధించిన ఘనతలు చెప్పుకొచ్చాడు. అప్పటిదాకా పనిచేసిన కంపెనీల్లో అదే పద్ధతి మరి. చో విని, మీరు మంచి మేనేజరని మాకు తెలుసు, లేకపోతే తీసుకునేవాళ్లమే కాదు, మీ సమస్యలేమిటో చెబితే అందరం కలిసి చూద్దాం అన్నాడట. వైజ్‌మన్ తర్వాతెప్పుడో పత్రికలవాళ్లతో ఈ సంగతి చెప్పుకున్నాడు. సూటిగా మాట్లాడతారని పేరున్న అమెరికన్ తన తప్పులు దాస్తే, మొహమాటస్థులని పేరున్న జపాన్ వ్యక్తి నలుగురిలో వాటిని అడిగాడు. దేశాల పట్టికలు ఇక్కడ తలకిందులయ్యాయి.

మన దేశంలో ఇలాంటి ప్రయత్నం పెద్ద ఎత్తున మొదట జరిగింది గుర్గావ్‌లో. 1982 అక్టోబరు 2న మారుతి, సుజుకి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మరుసటి ఏడాది డిసెంబరులో తొలి కారు తాళాలు కొన్నవారి చేతికి అందాయి. ఒసాము సుజుకి పట్టుబట్టి తెచ్చిన పద్ధతులేమిటంటే, మేనేజింగ్ డైరెక్టర్ నుంచి కార్మికుడి దాకా ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్, అడ్డుగోడల్లేని ఆఫీసు. ప్రభుత్వరంగ సంస్థల్లో అధికారులకు వేరే భోజనశాల, వేరే మరుగుదొడ్లు ఉన్న రోజులవి. పళ్లెం పట్టుకుని కార్మికుడి వెనక వరుసలో నిలబడటం ఎంతోమంది అధికారులకు మింగుడుపడని సంగతి. కానీ కలిసి తిన్నవాడితో చెడు కబురు చెప్పడం కాస్త తేలిక. ఇది కూడా దానంతటదే చాలదని 2012 జూలై 18న మానేసర్‌లో తేలింది. అదే కంపెనీ ఫ్యాక్టరీలో గొడవలు చెలరేగి, ఒక హెచ్ఆర్ అధికారి ప్రాణం పోయింది, పదుల మంది గాయపడ్డారు, నెలరోజులు లాకౌట్ నడిచింది. కాంట్రాక్టు కార్మికుల జీతాలు, యూనియన్ హక్కు గురించిన కోపం అప్పటికే ఏడాదికి పైగా రగులుతోంది. యూనిఫాం ఒకటే అయినా ఆ కోపం పైకి చేరే దారి మూసుకుపోయింది.

సమానం అని చెప్పి

చెడు కబురు దాచేది ఎప్పుడూ కిందివాడే అనుకోవద్దు. 1998 మేలో జర్మనీ డైమ్లర్ బెంజ్, అమెరికా క్రైస్లర్ ఒక్కటవుతున్నట్టు ప్రకటించాయి. 36 వందల కోట్ల డాలర్ల వ్యవహారం. ఇద్దరమూ సరిసమానం అన్నారు. పత్రికలు రెండు కల్చర్ల తేడాల గురించి సరదాగా రాశాయి. జర్మన్లు లావుపాటి ఫైళ్లతో మీటింగుకు వస్తారని, అమెరికన్లు మాట్లాడుకుంటూ తేల్చుకుందాం అంటారని. అమెరికన్ అధినేత జీతం జర్మన్ అధినేత జీతానికి ఎన్నో రెట్లు ఉండటం, జర్మన్లు ఖరీదైన విమాన టికెట్ల మీద తిరగడం ఇరుపక్షాలకూ కంటగింపయ్యాయి. అయితే, 2000 అక్టోబరులో జర్మన్ అధినేత యుర్గెన్ ష్రెంప్ ఫైనాన్షియల్ టైమ్స్‌కు ఇచ్చిన ఇంటర్వ్యూలో అసలు సంగతి బయటపడింది. క్రైస్లర్‌ను తమ కింద ఒక విభాగంగా చేసుకోవాలన్నదే మొదటి నుంచీ ఉద్దేశమట, అప్పుడే అలా చెబితే ఒప్పందం కుదిరేది కాదట. వాటాదారులు కోర్టుకెక్కారు, పరిహారం కట్టాల్సి వచ్చింది. క్రైస్లర్‌ను నడిపే అమెరికన్‌ను తీసేసి జర్మన్‌ను పంపారు. 2007లో 80 శాతం వాటాను 740 కోట్ల డాలర్లకు వదిలించుకున్నారు. దీన్ని మేనేజ్‌మెంట్ కోర్సుల్లో కల్చర్ల సంఘర్షణగా బోధిస్తారు. ఒప్పుకోలేను. రెండేళ్లపాటు ఒకరు మరొకరి దగ్గర దాచిన మాట ఉంది. ఫైళ్ల లావు మీద నేరం మోపితే ఆ మాట దాచినవాళ్లు తప్పించుకుంటారు.

మన తీరంలో దీనికి పూర్తిగా ఎదురు నిలిచే రుజువు ఒకటి రాతిలో చెక్కి ఉంది. బాపట్ల జిల్లా మోటుపల్లి ఒకప్పుడు పేరున్న రేవు. మార్కో పోలో ముత్ఫిలీ అని రాసింది దాన్నే. అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన శాసనం ఉంది. దేశదేశాల నుంచి ఓడల్లో వచ్చే వర్తకులను ఉద్దేశించి ఆయన చెప్పిందేమిటంటే, పూర్వపు రాజులు తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా, బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలతో సహా లాక్కునేవారు, మేము నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం, ఆ సుంకం ముప్పయ్యో వంతు. కిందనే చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, మిరియాలు, ఏ సరుకుకు ఎంతో వివరంగా ఉంది. చరిత్రకారులు దీన్ని అభయశాసనం అంటారు. ఒక రాజు వర్తకులకు చెప్పిన తొలి మాట లాభం గురించి కాదు. మీకు ఆపద వచ్చిన రోజున మేమేం చేస్తామో చెప్పాడు. అదీ ముందుగా, అంకెలతో, అందరూ చూసేచోట.

ఇప్పటి కంపెనీలకు ఇలాంటి రాయి ఉందా? మంచి కబురు వస్తే బోనస్ ఎంతో అందరికీ తెలుసు. చెడు కబురు తెచ్చినవాడికి ఏమవుతుందో ఏ ఒప్పందంలోనూ ఉండదు. మనవాళ్ల మౌనంలో కొంత పెంపకం ఉంది, నిజమే. కానీ కల్చర్ అని మనం పిలిచేదాంట్లో చాలా భాగం భయం. అమెరికాలో హెచ్1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి చూసుకోవాలి, లేదా సర్దుకోవాలి. ఇంటి లోన్ ఉంది, పిల్లల బడి ఉంది. నిజామాబాద్ నుంచో కడప నుంచో అప్పుచేసి ఏజెంటుకు కట్టి గల్ఫ్ వెళ్లినవాడు ఆ అప్పు తీరేదాకా ఫోర్‌మన్ ముందు నోరెత్తలేడు. తెలుగువాళ్లకు వద్దు అనడం రాదు అని వాళ్ల గురించి తీర్మానించడం అన్యాయం. ఆ భయం తీసేసి చూడండి, మాటకు మాట ఎంత చక్కగా చెప్తారో. మన టీ కొట్ల దగ్గర ఎవరికీ నోరు పెగలకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

దుబాసీల సంగతీ చెప్పాలి, వాళ్ల గురించి ఎవరూ రాయరు. విదేశీ అధికారులున్న ఫ్యాక్టరీల్లో పై అధికారికీ లైను మీది కుర్రాడికీ మధ్య నిలబడి ఒకరి మాట ఇంకొకరి భాషలో చెప్పే మనిషి ఉంటాడు. అతనూ జీతగాడే, చాలాసార్లు చిన్న జీతగాడు. అధికారి కేక వేస్తే ఆ కేకను మెత్తబరిచి చెబుతాడు. కుర్రాడు కుదరదంటే ప్రయత్నిస్తాడట అని మార్చి చెబుతాడు. ఇద్దరికీ మేలు చేస్తున్నాననే అనుకుంటాడు. అలా రెండు వైపులా పదును తీసేసిన మాటలతో మెషిన్ల దగ్గర పని నడుస్తుంటే చేతులు నలిగే ప్రమాదం ఉంది. అన్నది అన్నట్టు చెప్పడమే నీ పని, దానివల్ల నీకేమీ కాదు అని పై అధికారి మొదటిరోజే అందరి ఎదుటా అతనికి చెప్పాలి. అర్థమైందా అని అడిగే అలవాటునూ మానుకోవాలి, ఆ ప్రశ్నకు ఏ దేశంలోనైనా తల ఊపడమే జవాబు. విమానాల్లో కంట్రోలర్ చెప్పినదాన్ని పైలట్ తిరిగి అప్పజెప్పాలన్నది నియమం. ఇప్పుడు ఏం చేయబోతున్నావో నువ్వు చెప్పు అని అడిగితే సగం పొరపాట్లు అక్కడే దొరుకుతాయి.

ఈ జాగ్రత్త ఉద్యోగంలో చేరకముందే, భాష నేర్పేటప్పుడే మొదలుకావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి ఆ దేశాలకు పంపుతోంది. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే భాషలో సాధారణంగా బీ2 అనే స్థాయి అందుకోవాలి. పరీక్షల కోసం పిల్లలు రైలు వేళలు అడగడం, కుటుంబం గురించి చెప్పడం, ఉత్తరం రాయడం నేర్చుకుంటారు. వాటికంటే ముందు, మొదటి నెలలోనే నేర్పవలసినవి మూడున్నాయి. మందు తప్పు ఇచ్చాను. మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు. ఈ పని నాకు ఇంకా రాదు. ఈ మూడింటినీ ఆ భాషలో, నిలబడి, పెద్ద డాక్టరు ఎదుట ఉన్నట్టే ఊహించుకుని, గొంతు వణకకుండా అనగలిగేదాకా అనిపించాలి. పంపే సంస్థ, తీసుకునే ఆసుపత్రి రాసుకునే ఒప్పందంలో ఒక షరతు కూడా చేర్చాలి: తొలి ఏడాదిలో ఈ మూడు మాటలు అన్నందుకు ఎవరినీ వెనక్కి పంపకూడదు. పెనుకొండకైనా, గచ్చిబౌలికైనా, జర్మనీకైనా ఆ షరతు ఒకటే. దాన్ని అడగవలసింది అక్కడికి వెళ్లే ఇరవై రెండేళ్ల పిల్ల కాదు, ఆమెను పంపే మన ప్రభుత్వాలు, మన కాలేజీలు.